చూడని రెండు పూతలు

నేను మంచు మీద పనిచేస్తాను. దక్షిణ ధ్రువం చుట్టూ వేల ఏళ్ళుగా కరగకుండా పేరుకుపోయిన మంచు ఉంది. అందులోకి బోరు వేసినట్టు గొట్టం దించి, పిడికిలి కంటే కాస్త లావైన మంచు కడ్డీలను పైకి తీస్తాం. ఒక్కో ఏడాది పడిన మంచు ఒక్కో పొర. ఆ పొరల్లో చిక్కుకున్న బుడగల్లో ఆనాటి గాలి ఉంటుంది, పక్కన ఆనాటి దుమ్ము ఉంటుంది. వాటిని లెక్కపెట్టి, కొలిచి, ఏ కాలంలో ఎంత వేడి, ఎంత చలి ఉండేదో చెప్పడం మా ఉద్యోగం. ధ్రువానికి నేను వెళ్ళింది రెండుసార్లే. మిగతా రోజులన్నీ పశ్చిమ తీరంలోని ఒక ప్రయోగశాలలో, నిలువెల్లా కోటు కప్పుకుని చలిగదిలో కూర్చునే గడిచాయి.

పోయినేడాది రేడియోలో పావుగంట సేపు ఈ సంగతులే తెలుగులో చెప్పాను. రెండు వారాలకు నూజివీడు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. "మీరు మంచు గురించి పరిశోధన చేస్తున్నారని విన్నాను. మా మామిడి తోటలకు మంచు పెద్ద శత్రువు. ముప్పై రెండేళ్ళుగా మంచు ఏ రోజు పడిందీ, పూత ఏ రోజు వచ్చిందీ డైరీల్లో రాసి ఉంచాను. ఈ మధ్య ఏదో తేడాగా ఉంది. వచ్చి చూడగలరు." కింద సంతకం: పాండురంగారావు, మామిడి వ్యాపారి.

ఆయన చెప్పే మంచు చలికాలం తెల్లవారుజామున చెట్ల మీద కమ్ముకునేది. నాది గడ్డకట్టినది. ఫోను చేసి ఆ తేడా వివరించాను. ఆయన అంతా విన్నారు. తర్వాత, "రెండూ మంచే కదండీ," అన్నారు. "పండ్ల రోజుల్లో రండి."

ఒకే చేతి రాతలో, ఒకే తోట గురించి ముప్పై రెండేళ్ళ రికార్డు. నా వృత్తిలో ఉన్నవాళ్ళెవరికైనా అది వదులుకోబుద్ధి కాదు. మే నెలలో ఐదు రోజులు సెలవు పెట్టాను.

నూజివీడు స్టేషన్

విజయవాడలో ప్యాసింజర్ ఎక్కి, బోర్డు మీద నూజివీడు అని చూసుకుని దిగాను. బయటికొస్తే మామిడి చెట్టు ఒక్కటీ లేదు. ఆటో అతన్ని పాండురంగారావు గారి కొట్టుకి తీసుకెళ్ళమన్నాను.

"ఏ ఊళ్ళో అండీ?"

"నూజివీడులోనే."

"ఇది హనుమాన్ జంక్షన్ అండీ. స్టేషన్ పేరే నూజివీడు. ఊరు ఇంకా ఇరవై కిలోమీటర్లు ఉంటుంది."

ఆ మాటలో ఎగతాళి లేదు. రోజుకి ఇద్దరికో ముగ్గురికో చెప్పే మాటలా ఉంది. నాలుగు వందలు అడిగి మూడు వందల యాభైకి ఒప్పుకున్నాడు. మాది అనంతపురం వైపు. అక్కడ బేరం అంటే రెండు వైపులా గొంతు లేస్తుంది. ఇక్కడ అతను నా మాటని కాదనడానికి కూడా చివర "అండీ" చేర్చాడు. దారిలో టీ కోసం ఆపి నాకూ ఒక గ్లాసు తెచ్చిచ్చాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. "మా స్టేషన్ పేరు చూసి దిగి మోసపోయారు కదండీ, ఇది మా తరఫున," అన్నాడు.

ఊరు దగ్గరపడేకొద్దీ రోడ్డుకి రెండు పక్కలా తోటలు మొదలయ్యాయి. చెట్ల కింద గడ్డి పరిచి కాయలు పోసి ఉన్నాయి. ఎండ నలభై మూడో నలభై నాలుగో ఉంది. ఏడాదిలో సగం రోజులు గడ్డకట్టే చలిలో గడిపే మనిషిని నేను. ఆటో సీటు రెగ్జిన్ మీద చెయ్యి ఆనించి వెంటనే తీసేశాను.

నూజివీడు

పాండురంగారావు గారికి డెబ్భై దాటి ఉంటాయి. సన్నగా, తెల్ల చొక్కా, పంచె. ముందు కొట్టు, వెనక ఇల్లు. కొడుకు లారీలతో పాటు ఊళ్ళు తిరుగుతుంటాడు. కోడలు శ్రీలక్ష్మి ప్రైవేటు స్కూల్లో టీచరు, వేసవి సెలవుల్లో ఉంది. నేను చెప్పులు విడిచీ విడవకముందే శ్రీలక్ష్మి అడిగింది, "భోజనం వడ్డించెయ్యనాండీ?" మావైపు ముందు మంచినీళ్ళిచ్చి, వచ్చిన పని కనుక్కుని, తర్వాత తిండి సంగతి అడుగుతారు. ఇక్కడ పని సంగతి చేతులు కడుక్కున్నాక గాని రాదు.

ముద్దపప్పు, కొత్త ఆవకాయ, వంకాయ కూర, ఉలవచారు, దాని మీద వెన్నపూసలాంటి మీగడ. ఉలవలు మా ఊళ్ళోనూ పండుతాయి గాని, ఉలవల నీళ్ళని ఇంత గౌరవంగా వడ్డించగా నేను చూడలేదు. చివర పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి శ్రీలక్ష్మి నీళ్ళ బకెట్టు తెచ్చి పక్కన పెట్టింది. అందులో చిన్న రసాలు మునిగి ఉన్నాయి. నేను అలవాటు కొద్దీ చాకు అడిగాను. పాండురంగారావు గారు నా వంక జాలిగా చూశారు.

"రసాన్ని కొయ్యకూడదమ్మా. మెత్తగా నలిపి, ముచ్చిక తీసి, మొదటి చుక్కలు కింద పిండేసి, అప్పుడు నోట్లో పెట్టుకోవాలి."

మిగతావన్నీ చేశాను. చుక్కలు పిండటం మర్చిపోయాను. పండు తియ్యదనానికి మాటలు వెతకను. ఆ మధ్యాహ్నమే నా పెదవి మూల సొన తగిలి కాలింది. మర్నాటికి నల్లని మచ్చ కట్టింది. నూజివీడులో ఉన్న నాలుగు రోజులూ నన్ను చూసిన ప్రతి మనిషీ ముందు ఆ మచ్చని చూసి, తర్వాత నవ్వి, అప్పుడు పేరు అడిగారు.

డైరీలు బీరువాలో వరసగా ఉన్నాయి. అన్నీ ఎరువుల కొట్ల వాళ్ళు కొత్త సంవత్సరానికి పంచిపెట్టేవి. ఆగిరిపల్లి దగ్గర ఆయనకి పదెకరాల తోట ఉంది. దాని సంగతులే ఇవి. "పొద్దున మంచు. పది దాకా ఎండ మొహం లేదు." "తూర్పు గాలి. పూత బాగుంది." "పిందె రాలుతోంది." రోజుకి ఒక వాక్యం, ఎప్పుడైనా రెండు. ఆయన తన గొప్ప ఎక్కడా రాసుకోలేదు. నాకు అది నచ్చింది.

"ఇవి చూడండి," అని ఆయన రెండు డైరీలు విడిగా తీసి నా ముందు పెట్టారు. ఎనిమిదేళ్ళ కిందటిదీ, దాని తర్వాతదీ. "ఎప్పుడూ డిసెంబరు ఆఖరుకో, సంక్రాంతి లోపలో మా తోట పూత తొడుగుతుంది. ఈ రెండేళ్ళు ఫిబ్రవరికి పోయింది. పురుగు మందు కొట్టేసరికే ఆలస్యమైంది. తేనెమంచు పురుగు పడి పూతంతా మాడిపోయింది. వాతావరణం మారిపోతోందని టీవీల వాళ్ళు ఇప్పుడు చెప్తున్నారు. నేను అప్పుడే రాసిపెట్టాను."

ఆ రెండు పుస్తకాలూ ఆయన బీరువాలో పై అరలో, ప్లాస్టిక్ కవర్లో ఉంచారు. ఊళ్ళో చాలామందికి చూపించారట. నాకూ ఆశ పుట్టిందని ఒప్పుకోవాలి. మిగతా ఏళ్ళ పూత తేదీలు పది పదిహేను రోజుల్లో అటూ ఇటూ కదులుతుంటే, ఈ రెండూ విడిగా నిలబడి ఉన్నాయి. ఫోనుతో ఒక్కో పేజీ ఫొటో తీసుకోవడం మొదలుపెట్టాను.

రెడ్డిగూడెం

రెండో రోజు పొద్దున శ్రీలక్ష్మి తన స్కూటీ మీద నన్ను రెడ్డిగూడెం తీసుకెళ్ళింది, వేరే తోటల వాళ్ళతో కూడా మాట్లాడొచ్చని. ఒక తోటలో పొక్లెయిన్ యంత్రం చెట్లు పెకలిస్తోంది. సగం తోట అప్పటికే నేలమట్టమైంది. కాయలున్న చెట్లని కూడా వదలడం లేదు, పక్కనే ఇద్దరు ఆడవాళ్ళు ఆ కాయలు ఏరుతున్నారు.

కోసి పడేసిన ఒక మొద్దు దగ్గర నేను వంగి చూస్తున్నాను. కొన్ని రకాల చెట్లలో ఏడాదికొక వలయం స్పష్టంగా పడుతుంది. మామిడి అంత నమ్మకమైంది కాదు. అయినా కళ్ళు ఊరుకోవు. తోట ఆసామి, యాభై ఏళ్ళ మనిషి, వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏం వెతుకుతున్నారండీ?"

"చెట్టు వయసు."

"నన్నడిగితే చెప్తాను కదండీ. నేను పుట్టిన ఏడు మా నాన్న పెట్టాడు."

ఎందుకు కొట్టేస్తున్నారని అడిగాను. పామాయిల్ వేస్తున్నానన్నాడు. కూలీలు దొరకడం లేదు, పోయినేడు గాలివానకి కాయంతా రాలిపోయింది, ఇలా రెండు మూడు కారణాలు చెప్పాడు. తర్వాత అన్నాడు, "అసలు పూత మీదే నమ్మకం పోయిందండి. నూజివీడులో పాండురంగారావు గారని పెద్దమనిషి ఉన్నారు. ఆయన తోటలో రెండేళ్ళు వరసగా నెల్లాళ్ళు వెనక్కి పోయిందట పూత. తేదీలతో సహా రాసుంది. ఆయన తోటకే అలా అయితే ఇంక మనమెంత?"

శ్రీలక్ష్మి హెల్మెట్ చేతిలో తిప్పుకుంటూ నిలబడింది. ఆయన కోడల్నని చెప్పలేదు.

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్క బండి దగ్గర ఆగాం. పెద్ద రసాలు డజను రెండు వందలు. నేను కొన్నాను. ఇంటికెళ్ళాక పాండురంగారావు గారు ఆ సంచీ చూసి, మామిడి వ్యాపారి ఇంట్లో దిగిన చుట్టం బజార్లో పండ్లు కొని తెచ్చినందుకు ఆ పూట నాతో ముభావంగా ఉన్నారు.

ఆగిరిపల్లి తోట

మూడో రోజు శ్రీలక్ష్మీ నేనూ తోటకి వెళ్ళాం. అక్కడ కాపలా ఉండే వీరాస్వామి, కోటమ్మ దంపతులు నాకోసం చెట్టు కింద నులకమంచం వేసి ఉంచారు. ఇరవై ఐదేళ్ళుగా వాళ్ళు ఆ తోటలోనే ఉంటున్నారు. వీరాస్వామి మాట తక్కువ మనిషి. కోటమ్మ నా పెదవి చూసి నవ్వి, కొబ్బరినూనె తెచ్చి రాసింది.

అప్పటిదాకా నేను అనుకున్నది వేరు. డైరీల్లో ఉన్న చూపు పాండురంగారావు గారిదనుకున్నాను. కాదు. ఆయన కోతల రోజుల్లో తప్ప తోటకి వచ్చేవారు కారు. రోజూ పొద్దున్నే చెట్టు చెట్టూ తిరిగి చూసేది కోటమ్మ. వీరాస్వామి సైకిలు మీద కొట్టుకెళ్ళి ఆమె మాట ఒప్పజెప్పేవాడు. ఫోన్లు వచ్చాక ఆమే చెప్పేది. ఆయన రాసుకునేవారు. కోటమ్మకి చదువు రాదు. తన మాటలు ముప్పై రెండు పుస్తకాల్లో చాలావరకు ఉన్నాయని ఆమెకి తెలియదు కూడా. ఫోన్లో ఫొటోలు చూపిస్తూ కొన్ని చదివి వినిపించాను. "పిందె జీడిగింజంత అయింది" అన్న చోట ఆపి, "ఇది నేనన్న మాటే," అంది.

మధ్యాహ్నం ఎండురొయ్యలు, మామిడికాయ వేసి కూర వండింది. మా ఊరికి సముద్రం దూరం. ఎండురొయ్యలు నేను మొదటిసారి అక్కడే తిన్నాను. వాసనకి భయపడి కొంచెమే వడ్డించుకున్నాను, తర్వాత మళ్ళీ అడిగి వేయించుకున్నాను.

తిన్నాక నేను ఆ రెండేళ్ళ సంగతి ఎత్తాను. డైరీలో ఆ రెండుసార్లూ "రోడ్డు వైపు చెట్లు పూత తొడిగాయి" అని ఉంది. మిగతా అన్నేళ్ళూ బావి వైపు చెట్లే ముందు పూసినట్టు ఉంది.

"ఆ రెండేళ్ళు రోడ్డు వైపువి ముందు ఎందుకు పూశాయి కోటమ్మా?"

"రోడ్డు వైపువి కలెక్టర్ రకం కాయలమ్మా. అవెప్పుడూ ఆఖరికే పూస్తాయి. ముందు పుయ్యవు."

"డైరీలో ఉంది మరి."

కోటమ్మ మొగుడి వంక చూసింది. వీరాస్వామి లేచి, మోటారు కట్టేసి వస్తానని బావి వైపు వెళ్ళాడు. మోటారు అసలు తిరగడం లేదు. కరెంటు పొద్దుటి నుంచీ లేదు.

"రేపు మళ్ళీ రండమ్మా," అంది కోటమ్మ. "ఒక్కరే రండి."

మళ్ళీ ఆగిరిపల్లి

నాలుగో రోజు శ్రీలక్ష్మి నన్ను తోట గేటు దగ్గర దింపి, ఏమీ అడగకుండా స్నేహితురాలింటికి వెళ్ళిపోయింది. కోటమ్మ చెట్టు కింద కూర్చుని కాయల ముచ్చికలు తుంచి, సొన కారేలా బోర్లిస్తోంది. పని ఆపకుండానే చెప్పింది.

కూతుర్ని చింతలపూడి ఇచ్చారు. ఎనిమిదేళ్ళ కిందట ఆ అమ్మాయి బండి మీంచి పడి తుంటి విరిగింది. రెండు ఆపరేషన్లు అయ్యాయి. వరసగా రెండు చలికాలాలు కోటమ్మ చింతలపూడిలోనే ఉండిపోయింది. తోటలో వీరాస్వామి ఒక్కడే. అప్పటికే అతనికి రెండు కళ్ళలోనూ పొర కమ్మింది. ఎత్తు కొమ్మల్లో పూమొగ్గ కనపడదు. మంచం వేసుకున్న చోటికి దగ్గరగా ఉన్న రోడ్డు వైపు చెట్లు మాత్రం, పూత తెల్లగా విచ్చుకున్నాక, మసకగా తెలిసేవి.

"చూపు లేనివాణ్ణి కాపలాకి ఎవరు ఉంచుకుంటారమ్మా? అందుకని చెప్పలేదు. నాకూ చెప్పలేదు. నేనొచ్చి చూసేసరికి పూతంతా మాడి ఉంది. అప్పుడు అడిగితే ఏడ్చాడు. మా ఆయన ఏడవటం నేను అదే చూడటం. తర్వాత చింతలపూడిలోనే కంటి క్యాంపు పెడితే ఆపరేషన్ చేయించాను. ఇప్పుడు కనపడుతోంది."

పూత మామూలు వేళకే వచ్చింది. చూసినవాళ్ళు లేరు. అంతే.

రెండు రోజులుగా మనసులో కట్టుకుంటున్న పరిశోధనా పత్రం ఒకటి కూలిపోయింది. దానికంటే ఎక్కువ, రెడ్డిగూడెంలో పొక్లెయిన్ చప్పుడు గుర్తొస్తోంది. చివరికి, ఆ రెండేళ్ళూ నా లెక్కలోంచి తీసేస్తానని, షావుకారు పాండురంగారావు గారికి ఎవరూ చెప్పక్కర్లేదని అన్నాను.

"తీసేస్తే ఎందుకు తీశారని అడగరా?"

"అడుగుతారు. కారణం రాయాలి."

"ఏమని రాస్తారు?"

జవాబుకి బదులు నా కథ ఒకటి చెప్పాను. చదువుకునే రోజుల్లో నాకు మొదటిసారి ఒక మంచు కడ్డీ ఇచ్చి పొరలు లెక్కపెట్టమన్నారు. మా ప్రొఫెసరు లెక్కకీ నా లెక్కకీ ఒక ఏడాది తేడా వచ్చింది. ఒకచోట ఎండకి మంచు కరిగి పొరలు కలిసిపోయాయి. అక్కడ నాకేమీ కనపడలేదు. అయినా కనపడిందని ఒక గీత గీసి లెక్క సరిచేశాను. ఆయన మెచ్చుకున్నారు. ఏడాది తర్వాత ఎక్కడో దూరంగా పేలిన అగ్నిపర్వతం బూడిద ఆ కడ్డీలో దొరికింది. అది ఏ ఏడు పేలిందో లోకానికి తెలుసు. దాంతో ఆయన లెక్కే ఒక ఏడాది తప్పనీ, నా గీత దొంగదనీ తేలింది. ప్రొఫెసరు తిట్టలేదు. "కనపడనప్పుడు కనపడలేదని రాయి. అది తప్పు కాదు," అన్నారు. ఆ తర్వాత చాలా నెలలు ఆయన నా లెక్కల్ని మళ్ళీ ఇంకొకరి చేత చూపించేవారు. తిట్టినా బాగుండేదనిపించేది.

కోటమ్మ కాయలు బోర్లించడం ఆపింది.

"మా తోటలో బూడిద పడదు కదమ్మా."

"పడదు. ఎవరూ పట్టుకోలేరు."

ఆమె చేతులకున్న సొన ఇసకతో రుద్దుకుంది. బావి వైపు చూసింది. వీరాస్వామి అక్కడ గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"సాయంత్రం మేమూ నూజివీడు వస్తాం," అంది.

నూజివీడు, సాయంత్రం

ఇద్దరూ ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు. కొట్లో కూర్చోమంటే కూర్చోలేదు. వీరాస్వామి మాట్లాడతాడనుకున్నాను. కోటమ్మే మొత్తం చెప్పింది, నాకు చెప్పిన మాటల్లోనే, తక్కువా ఎక్కువా లేకుండా. పాండురంగారావు గారు మధ్యలో ఒక్కసారే ఆపారు.

"రెండు ఏళ్ళూనా?"

"రెండు ఏళ్ళూనండి."

ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు. శ్రీలక్ష్మి మజ్జిగ గ్లాసులు తెచ్చి అందరికీ ఇచ్చింది. వీరాస్వామి గ్లాసు పట్టుకునే ఉన్నాడు, తాగలేదు. వీధిలో కాయల లారీ ఒకటి వెనక్కి వచ్చి, సర్దుకుని, ఎదురుగా ఆగింది. వీళ్ళని పనిలోంచి తీసేస్తారని నేను అనుకుంటున్నాను. దానికి కారణం నేనవుతానని కూడా.

ఆయన ప్లాస్టిక్ కవర్లో ఉంచిన రెండు డైరీలతో తిరిగొచ్చారు. కళ్ళజోడు పెట్టుకుని పేజీ వెతికారు.

"ఈ రెండేళ్ళూ పట్టుకుని నేను ఊరంతా చెప్పాను వీరాస్వామీ," అన్నారు.

"అవునండి."

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

వీరాస్వామి తలెత్తలేదు. "తీసేస్తారని భయపడ్డానండి."

"తీసేసేవాణ్ణేనేమో," అన్నారు పాండురంగారావు గారు. ఆ నిజాయితీకి నేను సిద్ధంగా లేను, వీరాస్వామీ లేడు. "ఇప్పుడు కనపడుతోందా?"

"కనపడుతోందండి."

"అదుగో, ఆ లారీ మీద ఏం రాసుందో చెప్పు."

"చదువు రాదండి. లారీ పచ్చరంగుది. డ్రైవరు పక్కన ఎవరూ లేరు."

శ్రీలక్ష్మికి నవ్వొచ్చింది, ఆపుకుంది. పాండురంగారావు గారు పెన్ను తీసుకుని, పూత గురించి రాసిన వాక్యాన్ని కొట్టేయకుండా, పక్కన మార్జిన్లో ఒక్క మాట రాశారు. "చూడలేదు." రెండో డైరీలోనూ అంతే. నాకు పని అయిపోయిందనిపించింది.

ఆయనకి అవ్వలేదు. బీరువా దగ్గరికెళ్ళి ఇంకో డైరీ తెచ్చారు. చాలా పాతది, అట్ట ఊడి ఉంది. నవంబరు, డిసెంబరు పేజీలు తెరిచారు. రోజుకో వాక్యం ఉంది, నీటుగా: మంచు, గాలి, ఎండ. అప్పుడు ఫోన్లు లేవు. ఆ నలభై రోజులూ ఆయన భార్యని విజయవాడ ఆసుపత్రిలో ఉంచారట. ఆవిడ ఇంటికి తిరిగి రాలేదు. కర్మలన్నీ అయ్యాక, ఖాళీ పేజీలు చూడలేక, ఉజ్జాయింపుగా నింపేశారు. శ్రీలక్ష్మికి కూడా ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

ఆయన ఆ నలభై పేజీలూ తిప్పుతూ, ఒక్కో పేజీలోనూ రాశారు. చూడలేదు. చూడలేదు. మేమంతా నిలబడి ఉన్నాం. ఎవరూ తొందరపెట్టలేదు. అయ్యాక పెన్నుకి మూత పెట్టి, వీరాస్వామితో అన్నారు, "ఎల్లుండి బంగినపల్లి కోతకి మనుషుల్ని పంపుతున్నాను. గెడలకి కాయలు పట్టే చిక్కాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకో."

వీరాస్వామి అప్పుడు మజ్జిగ తాగాడు.

తిరిగి వచ్చాక

మర్నాడు బయల్దేరేముందు పాండురంగారావు గారు రెడ్డిగూడెం ఆసామికి నా ఎదురుగానే ఫోను చేసి జరిగింది చెప్పారు. అవతలి మనిషి విన్నాడు. చెప్పినందుకు సంతోషమన్నాడు. పామాయిల్ మొక్కలకి అప్పటికే మాట ఇచ్చేశానని, మిగతా సగం తోట కూడా తీసేస్తున్నానని అన్నాడు. అతనికి వేరే కారణాలు కూడా ఉన్నాయి. ఆ ఒక్క కారణం లేకపోతే ఆగేవాడో లేదో అతనూ చెప్పలేదు, ఈయనా అడగలేదు.

నేను ఆ డైరీలన్నిటినీ పట్టికగా మార్చాను. రెండు పూతలూ, నలభై రోజులూ పోయాక మిగిలింది నేను ఆశపడినంత గొప్పగా లేదు. పూత కాస్త కదులుతున్నట్టే ఉంది, గట్టిగా చెప్పడానికి ఇంకా ఏళ్ళు కావాలి. వ్యాసం రాశాను గాని, అందులో హడావుడి ఏమీ లేదు. పరిశీలకుల పేర్లు రాయాల్సిన చోట మొదట కోటమ్మ పేరు పెట్టాను. ఇంటి పేరు కోసం ఫోను చేస్తే, "అది కూడా రాస్తారా?" అని అడిగి, విడమరిచి చెప్పింది. పాండురంగారావు గారి పేరు రెండోది. అలా పెట్టినందుకు ఆయనకి కోపం వస్తుందేమో అనుకున్నాను. ఒక బుట్ట మామిడి ఒరుగులు పంపారు.

మొన్న జనవరి మొదటి వారంలో నేను చలిగదిలోంచి బయటికొచ్చి, చేతి తొడుగులు తీసి ఫోను చూసుకుంటే, ఆగిరిపల్లి నుంచి రెండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. తిరిగి చేశాను. వేళ్ళకి ఇంకా స్పర్శ రాలేదు. కోటమ్మ ఎత్తింది. కుశలమైనా అడగలేదు.

"పొద్దున్నే షావుకారు గారికి చెప్పాను, మీకూ చెప్తున్నానమ్మా. బావి వైపు తిరిగాను. రోడ్డు వైపూ తిరిగాను. మా ఆయన్ని నిచ్చెనెక్కించి పై కొమ్మలు కూడా చూపించాను. చూశాం. పూత ఇంకా రాలేదు. రాసుకోండి."

రాసుకున్నాను.